కరెంటు చార్జీల బహిరంగ విచారణలో సోలార్ గురించి అడిగాను: నా అనుభవం

బిల్లులో ట్రూ-అప్ (అంచనాకు మించిన ఖర్చును తర్వాత వసూలు చేయడం) అనీ ఇంధన సర్దుబాటు అనీ అదనపు లైన్లు కనిపించినప్పుడల్లా మా వీధిలో అందరం తిట్టుకుంటాం, గడువు తేదీకి కట్టేస్తాం. ఏటా కరెంటు చార్జీలు ఖరారు కాకముందే మామూలు వినియోగదారుడు కూడా రాతపూర్వకంగా ప్రశ్నలు వేయొచ్చని, వాటికి డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, జవాబు రాసి ఇవ్వాల్సి ఉంటుందని చాలామందికి తెలియదు. 2025-26 చార్జీల విచారణలో నేను అలా పాల్గొన్నాను. నేను అడిగింది రేటు పెంచొద్దని కాదు. సోలార్, గాలి కరెంటు ఎంత కొంటున్నారు, ఎప్పుడు వాడుతున్నారు, వాడకుండా ఎంత వదిలేస్తున్నారు అని. ఈసారి ఇంకొంతమంది అడగాలని ఇది రాస్తున్నాను.

మాది రాయలసీమ. రామగిరి కొండల మీద గాలిమరలు 1990ల నుంచే ఉన్నాయి. కర్నూలు దగ్గర గని, శకునాల భూముల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. ఇంత ఎండ, ఇంత గాలి మన దగ్గరే ఉంటే మన బిల్లెందుకు తగ్గదురా అని మా అమ్మ ఎప్పుడూ అడుగుతుంది. న్యాయమైన ప్రశ్న. దానికి నా దగ్గర సరైన జవాబు లేదు, అందుకే వెతకడం మొదలుపెట్టాను.

పద్ధతి ఇలా ఉంటుంది. డిస్కంలు ఏటా నవంబర్ నెలాఖరులోగా వచ్చే ఆర్థిక సంవత్సరానికి ఖర్చెంత, ఆదాయమెంత అని లెక్క కట్టి విద్యుత్ నియంత్రణ మండలికి, అంటే ఈఆర్‌సీకి ఇవ్వాలి. దీన్నే ఏఆర్‌ఆర్ అంటారు. విద్యుత్ చట్టం 2003లోని 64వ సెక్షన్ ప్రకారం ఆ దరఖాస్తును ప్రజల ముందు పెట్టి అభ్యంతరాలు, సూచనలు తీసుకున్నాకే చార్జీలు ఖరారు చేయాలి. పేపర్లో ప్రకటన వస్తుంది, కాపీ వెబ్‌సైట్‌లో ఉంటుంది. లాయర్ అక్కర్లేదు. పేరు, చిరునామా, సర్వీసు నంబరు రాసి, అభ్యంతరాలు రాసి, విచారణలో మాట్లాడాలనుకుంటే ఆ మాట కూడా రాసి కమిషన్ కార్యదర్శికి పంపాలి, ఒక కాపీ డిస్కంకు పంపాలి. నేను తెలుగులోనే రాశాను, ఏ ఇబ్బందీ రాలేదు.

కష్టమంతా ఆ దరఖాస్తు చదవడంలోనే ఉంది. వందల పేజీలు, నిండా పట్టికలు. మొదటి రెండు రాత్రులు తలనొప్పే మిగిలింది. మా ఊళ్లో రైతు సంఘం తరఫున ఏళ్లుగా ఈ విచారణలకు వెళ్లే ఒక పెద్దాయన ఉన్నారు, ఆయన దగ్గరికి వెళ్లాను. 2000 ఆగస్టులో బషీర్‌బాగ్ కాల్పులు జరిగిన రోజుల నుంచీ కరెంటు చార్జీల ఉద్యమంలో ఉన్న మనిషి. నేను రాసుకున్న కాగితం చూసి, "చూడు నాయనా, భూతాపం పెరుగుతోంది, పర్యావరణాన్ని కాపాడండి అని రాస్తే మేమూ కట్టుబడి ఉన్నామని ఒక్క ముక్క రాసి పంపిస్తారు. పేజీ నంబరు వెయ్యి, పట్టిక నంబరు వెయ్యి, ఈ అంకె ఎట్లొచ్చిందని అడుగు. అప్పుడు తప్పించుకునే దారి ఉండదు" అన్నారు. కరెంటు కొనుగోలు ఖర్చుల అధ్యాయం తెరిచి, ముందు ఇదొక్కటీ చదవమన్నారు. డిస్కం ఖర్చులో పెద్ద వాటా అదే.

అమ్మ ప్రశ్నకు జవాబు ఆ అధ్యాయంలోనే దొరికింది. బొగ్గుతో నడిచే థర్మల్ ప్లాంటుతో కుదుర్చుకునే దీర్ఘకాలిక ఒప్పందంలో రెండు ముక్కలుంటాయి, ఫిక్స్‌డ్ చార్జీ, వేరియబుల్ చార్జీ. తీసుకున్న కరెంటుకు బొగ్గు ఖర్చు లెక్కన ఇచ్చేది రెండోది. మొదటిది ప్లాంటు సిద్ధంగా ఉందంటే చాలు, మనం కరెంటు తీసుకున్నా తీసుకోకపోయినా కట్టాలి, అదీ ఇరవై పాతికేళ్లు. అంటే మధ్యాహ్నం చవక సోలార్ వచ్చినా బొగ్గు ప్లాంటు అద్దె ఆగదు. ఇక సాయంత్రం ఆరు తర్వాత సోలార్ ఉండదు, అప్పుడే ఇళ్లలో ఏసీలు, ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఒకేసారి ఆన్ అవుతాయి. కొరత పడితే పవర్ ఎక్స్ఛేంజీలో, అంటే కరెంటు కొని అమ్మే మార్కెట్లో, కొనాలి, అక్కడ యూనిట్‌కు గరిష్ఠ పరిమితి పది రూపాయలు. ఎండల్లో ఆ పరిమితి దాకా పోయే సాయంత్రాలు ఉంటాయి. ఇదంతా చివరికి సర్దుబాటు చార్జీగా మన బిల్లులోకే వస్తుంది. మెగావాట్లు (ప్లాంటు సామర్థ్యం) వేరు, యూనిట్లు (నిజంగా తయారైన కరెంటు) వేరు అని నాకు అప్పుడు బాగా తలకెక్కింది. ఆ తర్వాత 2025 మధ్యలో దేశ విద్యుత్ సామర్థ్యంలో సగం శిలాజేతర, అంటే బొగ్గు, గ్యాస్ లాంటివి కాని, వనరులదేనని వార్తలొచ్చాయి, అది నిజమే, సంతోషమే. కానీ ఏడాదంతా తయారయ్యే యూనిట్లలో ఎక్కువ భాగం ఇప్పటికీ బొగ్గుదే. ప్రశ్న అడిగేటప్పుడు ఈ తేడా గుర్తు పెట్టుకోండి.

నేను రాసిన మొదటి ప్రశ్న ఆర్‌పీఓ మీద, అంటే పునరుత్పాదక విద్యుత్ ఇంత శాతం వాడి తీరాలన్న నిబంధన మీద. కేంద్ర విద్యుత్ శాఖ 2023 అక్టోబర్ నోటిఫికేషన్ ప్రకారం ఇది 2025-26కు 33.01 శాతం, 2029-30 నాటికి 43.33 శాతం. మన అంచనాల్లో ఎంత చూపించారు, తగ్గితే ఆ లోటును ఎలా పూడుస్తారు, ఆ ఖర్చు ఎవరి మీద వేస్తారు అని అడిగాను. అందులోనే ఇంటి పైకప్పుల లాంటి చిన్న ప్లాంట్లకు 2.1 శాతం విడిగా ఉంది, దాని లెక్క వేరుగా చూపించమన్నాను. పది కిలోవాట్ల లోపు రూఫ్‌టాప్ దరఖాస్తుకు సాంకేతిక పరిశీలన అక్కర్లేదని 2024 ఫిబ్రవరిలోనే కేంద్రం నిబంధన మార్చింది కాబట్టి, ఇంకా పెండింగ్‌లో ఎన్ని ఉన్నాయో, ఎందుకున్నాయో అడిగాను. అన్నిటికంటే నాకు ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి. ఏయే నెలల్లో, ఏయే గంటల్లో గాలి, సోలార్ ప్లాంట్లను ఉత్పత్తి తగ్గించమన్నారు, అదే రోజు సాయంత్రం ఎక్స్ఛేంజీలో ఎంతకు కొన్నారు? గాలి, సోలార్ మస్ట్ రన్ కోవలోవి, గ్రిడ్ భద్రత లాంటి కారణం ఉంటే తప్ప ఆపకూడదు.

విచారణకు ముందే జవాబు వచ్చింది. ఆర్‌పీఓ గురించి పట్టికతో సహా ఇచ్చారు, అది మెచ్చుకోవాలి. రూఫ్‌టాప్ గురించి సగమే చెప్పారు. తగ్గించిన గంటల సమాచారం మాత్రం లోడ్ డిస్పాచ్ సెంటర్ (గ్రిడ్‌ను నడిపే కేంద్రం) దగ్గర ఉంటుందని వదిలేశారు.

జనవరిలో విచారణ. జిల్లా కేంద్రంలోని డిస్కం ఎస్‌ఈ (సూపరింటెండింగ్ ఇంజనీర్) ఆఫీసు నుంచి వీడియో కాన్ఫరెన్స్‌లో మాట్లాడాను. నా వంతు వచ్చేదాకా టెన్షన్‌గానే ఉంది. ముందు డిస్కం వాళ్లు తమ లెక్కలు చెప్పారు, తర్వాత పరిశ్రమల వాళ్లు, రైతు సంఘాల వాళ్లు, వినియోగదారుల సంఘాల వాళ్లు. ఒక రైతు మాట నాకు బాగా నచ్చింది. పగటిపూట తొమ్మిది గంటలు కరెంటిస్తున్నారు, సంతోషం, రాత్రిళ్లు పాముల మధ్య మోటారు వేసే బాధ తప్పింది, కానీ అన్ని ఫీడర్లకూ (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు వచ్చే లైన్లకు) ఒకే గంటల్లో ఇస్తే వోల్టేజీ పడిపోయి మోటార్లు కాలుతున్నాయి, ఎండ ఉన్న గంటలను పంచండి అన్నాడు. సోలార్ ఉన్నప్పుడే లోడు పెట్టుకోవాలన్నది విధాన పత్రాల్లో పేజీలకు పేజీలు ఉంటుంది. ఆయన రెండు నిమిషాల్లో తేల్చేశాడు. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో 2070 నాటికి నికర ఉద్గారాలు సున్నా చేస్తామని భారత్ ప్రకటించడం పెద్ద విషయమే, కానీ ఏ ఫీడర్‌కు ఏ గంట, ఏ ప్లాంటుతో ఎన్నేళ్ల ఒప్పందం, ఎంత బ్యాటరీ నిల్వ అన్నవి తేలేది ఇక్కడే, ఇలాంటి గదుల్లోనే. ఆ గదుల్లో మామూలు ఇళ్ల వాళ్లు చాలా తక్కువ మంది కనిపించారు, అది బాధేసింది.

నాకిచ్చిన కొద్ది నిమిషాల్లో నేను ఒక్క ప్రశ్నకే పరిమితమయ్యాను, తగ్గించిన గంటల ప్రశ్నకు. మిగతావి లేఖలో ఉన్నాయి కదా, మళ్లీ చదవడం దండగ. మాట్లాడేవాళ్లు అందరూ ఇది పాటిస్తే మంచిది. తర్వాత వచ్చిన చార్జీల ఉత్తర్వులో అభ్యంతరాలు, వాటికి డిస్కం జవాబులు, కమిషన్ అభిప్రాయం వరుసగా అచ్చయి ఉంటాయి. మన ప్రశ్న అక్కడ రికార్డుగా మిగిలిపోతుంది, వచ్చే ఏడాది దాన్నే పట్టుకుని పోయినసారి మీరు ఇలా అన్నారు కదా అని అడగొచ్చు.

తగ్గించిన గంటల సమాచారం కోసం లోడ్ డిస్పాచ్ సెంటర్‌కు సమాచార హక్కు కింద దరఖాస్తు పెడుతున్నాను. డిసెంబర్‌లో పేపర్ ప్రకటన కోసం చూడండి, అభ్యంతరాలకు గడువు కొద్ది వారాలే ఉంటుంది. నా లేఖ నమూనా కావాలంటే చెప్పండి, పంపిస్తాను. మీ ఊరి ఫీడర్, మీ ఇంటి దరఖాస్తు వివరాలు అందులో మీరే రాసుకోవాలి.