మోటార్‌హోమ్ వెనక కారు: బ్రేక్ సిగ్నల్ వైరింగ్‌తో నా అనుభవం

అమెరికాలో మోటార్‌హోమ్ (ఇల్లులా అమర్చిన పెద్ద బండి) వెనక చిన్న కారు తగిలించుకుని తిరిగేవాళ్ళలో మేమూ ఒకళ్ళం. కారు నాలుగు చక్రాలూ రోడ్డు మీదే, ముందు టో బార్ (కారును లాగే కడ్డీ). మోటార్‌హోమ్ లైట్లతో పాటే కారు లైట్లూ వెలిగే వైరింగ్ ఒక షాపులో డయోడ్లతో (కరెంటును ఒకే దిశలో వదిలే భాగాలు) చేయించాను. కారు బ్రేకు తొక్కే పరికరం తరవాత కొని నేనే బిగించుకున్నాను. మోటార్‌హోమ్ బ్రేక్ లైటు తీగ నుంచి దానికి సిగ్నల్ వెళ్తుంది, వేగం తగ్గుతోందని దాని లోపలి సెన్సరు కూడా ఒప్పుకుంటేనే పెడల్ దిగుతుంది. దేనికది పరీక్షిస్తే రెండూ భేషుగ్గా ఉన్నాయి. తంటా అంతా రెండూ కలిసినప్పుడే.

మా బావమరిదిని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి, బ్రేకు తొక్కి ఎడమ ఇండికేటర్ వెయ్యమన్నాను. నేను కారులో పరికరం టెస్ట్ బటన్ నొక్కి, పెడల్ దిగాక వెనక్కి వెళ్ళి నిలబడ్డాను.

"బ్లింక్ అవుతోందా బావా?"

"మోటార్‌హోమ్‌ది అవుతోందిరా. కారుది కదలకుండా వెలుగుతోంది."

అంటే బ్రేకు వేస్తూ మలుపు తిరిగే ప్రతిసారీ వెనకవాళ్ళకు మేము ఎటు తిరుగుతున్నామో తెలియదన్నమాట. మోటార్‌హోమ్ సొంత లైట్లు కారుకు అవతల, చాలా ముందు ఉంటాయి. షాపువాళ్ళు బ్రేకు వేరుగా, ఇండికేటర్ వేరుగా చూపించి డబ్బులు తీసుకున్నారు. వాళ్ళు చూపించిన రోజున కారులో పెడల్ తొక్కేది ఏదీ లేదు కూడా.

ఎందుకిలా అంటే, బండ్ల లైట్ల గురించిన ఇక్కడి ఫెడరల్ ప్రమాణం 108 వెనక ఇండికేటర్లు ఎర్రగా ఉండటానికి ఒప్పుకుంటుంది. అందుకే నాలుగు తీగల ట్రైలర్ ప్లగ్గులో బ్రేకుకూ ఇండికేటర్‌కూ కలిపి ఒకే తీగ: ఎడమకు పసుపు, కుడికి ఆకుపచ్చ. గోధుమరంగు టెయిల్ లైట్లది, తెలుపు గ్రౌండ్. మా కారుకు నారింజ ఇండికేటర్లు విడిగా ఉన్నా, ఈ పద్ధతిలో వాటి జోలికి పోరు. ఎర్ర బ్రేక్ బల్బులే ఇండికేటర్ పని కూడా చేస్తాయి. మోటార్‌హోమ్‌కే బ్రేకూ ఇండికేటరూ విడి తీగలైతే మధ్యలో వాటిని ఒకే తీగలోకి కలిపే కన్వర్టర్ పెట్టాలి, మాకు ఆ అవసరం రాలేదు.

ఒక్కో బల్బుకు కారు తీగ ఒక డయోడ్ గుండా, మోటార్‌హోమ్ తీగ ఇంకో డయోడ్ గుండా వస్తాయి. ఒకదాని కరెంటు రెండోదానిలోకి ఎదురెక్కకుండా డయోడ్లు ఆపుతాయి. అంతవరకే వాటి పని. రెండు వైపుల నుంచీ ఒకేసారి వస్తే ఆపవు. ఒకే తొట్టిలోకి రెండు కుళాయిలు విడిచినట్టు, ఒకటి ఆగి ఆగి పడుతున్నా రెండోది ధార కడుతుంటే నీళ్ళు ఆగవు కదా. పరికరం పెడల్ తొక్కగానే కారు సొంత బ్రేక్ స్విచ్చి కలుస్తుంది, 12 వోల్టులు నిలకడగా బల్బుకు చేరతాయి. మోటార్‌హోమ్ నుంచి వచ్చే బ్లింక్ అందులో మునిగిపోతుంది.

విరుగుడు ఒక రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చి. కారును లాగేటప్పుడు కారు బ్రేక్ స్విచ్చి నుంచి పక్క బల్బులకు వెళ్ళే కరెంటును అది తెంచుతుంది. ఐదు కాళ్ళ మామూలు ఆటో రిలే చాలు. దాన్ని ఎక్కడ పెట్టాలన్నది తేల్చడానికే ఎక్కువ సేపు పట్టింది. డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని, పెడల్ పైనున్న స్విచ్చి తీగల మీద మల్టీమీటర్ పెట్టి చూశాను. ఒకదానిలో ఎప్పుడూ 12 వోల్టులు, రెండోదానిలో పెడల్ నొక్కితేనే. ఆ రెండో తీగే లైట్లకు వెళ్ళేది. కానీ దాన్ని అక్కడే కోస్తే గేరు లాక్‌కు, క్రూయిజ్ కంట్రోల్‌కు వెళ్ళే పాయలు కూడా పోతాయి. వైరింగ్ పటం పట్టుకుని వెనక్కి వెళ్తే, మధ్యలో ఎత్తుగా ఉండే మూడో బ్రేక్ లైటు పాయ విడిపోయాక, ఎడమ కుడి బల్బులకు చీలకముందు కాస్త తీగ దొరికింది. రిలే అక్కడ పెట్టాను. అందువల్ల మూడో లైటు కారు పెడల్‌తో వెలుగుతూనే ఉంటుంది, పక్క బల్బులు రెండూ మోటార్‌హోమ్ మాటే వింటాయి. వెనకవాళ్ళకు బ్రేకూ కనిపిస్తుంది, మలుపూ కనిపిస్తుంది.

రిలే కాళ్ళకు నంబర్లుంటాయి. కోసిన తీగ ఒక కొస 30కి, రెండోది 87ఏకి. రిలేకు కరెంటు లేనప్పుడు ఈ రెండూ కలిసే ఉంటాయి. రేపు రిలే కాయిల్ కాలిపోయినా కారును విడిగా నడిపేటప్పుడు బ్రేక్ లైట్లు వెలగాలి, అందుకే ఆ కాళ్ళు. 87 ఖాళీ. 85 గ్రౌండ్‌కు. 86కి కరెంటు మోటార్‌హోమ్ నుంచి రావాలి. టెయిల్ లైట్ల తీగ నుంచి తీసుకుంటే పగలు లైట్లు వెయ్యకపోతే రిలే పనిచెయ్యదు. మా మోటార్‌హోమ్ వెనక ఉన్న ఏడు పిన్నుల సాకెట్‌లో ఆ నాలుగు తీగలతో పాటు 12 వోల్టుల ఛార్జింగ్ పిన్ను ఉంది, అదే వాడాను. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఆ తీగ ఒక చిన్న ఛార్జర్ ద్వారా కారు బ్యాటరీకి ఛార్జి కూడా ఇస్తుంది. కాయిల్‌కు బ్యాటరీ వైపు నుంచి తీసుకుంటే ప్లగ్గు పీకేశాక కూడా కారు బ్యాటరీయే రిలేను పట్టి ఉంచుతుంది, అప్పుడు కారును విడిగా నడిపితే పక్క బ్రేక్ లైట్లు వెలగవు. అందుకే కాయిల్ తీగను ఆ ఛార్జర్‌కు ముందే, ప్లగ్గు వైపున కలపాలి. వెనక్కి కరెంటు వదలని ఛార్జరే అయ్యుండాలి.

కొత్త కార్లలో కథ వేరు. పెడల్ స్విచ్చి కంప్యూటర్‌కు కబురు మాత్రమే పంపుతుంది, లైట్లు వెలిగించేది కంప్యూటర్. అక్కడ స్విచ్చి దగ్గర తీగ కోయడం కొరివితో తల గోక్కోవడమే.

ఇక నాకు అసలు కావలసింది: కారు పెడల్ దిగిందన్న కబురు నా కళ్ళముందుకు రావడం. ఇంజను ఆగిన కారులో బ్రేకు ఇరుక్కుపోయి మైళ్ళకొద్దీ రాసుకున్నా, అంత పెద్ద బండి నడిపేవాడికి ఏమీ తెలియదు. పొగ వచ్చాక అద్దంలో కనపడుతుంది. రిలే కంటే ముందే, పెడల్ స్విచ్చికి దగ్గరలో 1 ఆంపియర్ ఫ్యూజు పెట్టి ఒక తీగ లాగాను. అది సాకెట్‌లోని నీలం పిన్ను మీదుగా మోటార్‌హోమ్‌కు వెళ్తుంది. నీలం పిన్ను ట్రైలర్ ఎలక్ట్రిక్ బ్రేకులది. మా బండిలో బ్రేక్ కంట్రోలర్ లేదు, నీలం తీగ రెండో కొస దేనికీ తగల్లేదని మీటర్‌తో చూసుకున్నాకే వాడాను. అక్కణ్ణుంచి చట్రం వెంబడి, సైలెన్సర్ గొట్టానికి దూరంగా, ప్లాస్టిక్ తొడుగులో ముందుకు. డ్యాష్‌బోర్డులో ఒక ఎర్ర ఎల్ఈడీ, గ్రౌండ్ అక్కడే. అది తీసుకునే కరెంటు బహు తక్కువ, సన్న తీగే చాలు. బోరు కొట్టే పని ఇదొక్కటే, బండి కిందే సాయంత్రం అయిపోయింది.

గ్రౌండ్ విషయంలో మాత్రం టో బార్‌ను నమ్మొద్దు. కీళ్ళలో జిడ్డు, తుప్పు. లైట్లు మసకగా ఉన్నా, ఎడమ వేస్తే కుడి కూడా మినుకుమన్నా ముందు తెల్ల తీగ కొసలు చూడాలి.

బావమరిదిని మళ్ళీ కూర్చోబెట్టాను. పెడల్ కిందికి, బ్రేకు, ఎడమ. ఈసారి కారు లైటు శుభ్రంగా బ్లింక్ అయింది. కుడి కూడా. "బావా, ఇక్కడ ఎర్ర లైటు వెలిగింది" అని వాడే అరిచాడు. బ్రేక్‌అవే స్విచ్చి పిన్ను లాగి కూడా చూశాం. కారు తెగిపోతే బ్రేకు పట్టించేది అదే. లైటు మళ్ళీ వెలిగింది.

రోడ్డెక్కాక ఆ ఎర్ర చుక్క కొత్త సంగతి చెప్పింది. దిగుడు దారిలో ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజను పొగను అడ్డగించి వేగం తగ్గించేది) వేసినప్పుడు మా బండిలో బ్రేక్ లైట్లు కూడా వెలుగుతాయి, దాంతో కారు పరికరానికి సిగ్నల్ వెళ్తుంది. పైగా దాని సెన్సరును మరీ సున్నితంగా పెట్టి ఉందేమో, నేను పెడల్ మీద కాలు పెట్టకుండానే చుక్క వెలిగి ఆరుతోంది. కొండ దిగినంతసేపూ కారు బ్రేకులు అలా పడుతూ ఉంటే డిస్కులు కాగిపోతాయి. పక్కకు ఆపి సెన్సరు సున్నితత్వం కాస్త తగ్గించాను. తరవాతి దిగుడులో గట్టిగా బ్రేకు వేసినప్పుడే వెలిగింది. కింద ఆగి చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉన్నాయి.

ఇప్పుడు కారు విప్పాక ఒక పని మానను. ప్లగ్గు పీకి, కారు వెనక ఎవరినైనా నిలబెట్టి పెడల్ తొక్కుతాను. మూడు లైట్లూ వెలిగాయని వాళ్ళు చెప్పాకే గేరు వేస్తాను.