ఆ నాచును వీడియోలోంచి తీసేయమన్నారు

కరీబియన్ దీవి బార్బడోస్ రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌లో డిజిటల్ మీడియా కంపెనీ పెట్టిన కొత్తలో హోటళ్లకు బీచ్ వీడియోలు చేసిచ్చేవాణ్ని. 2018లో బాత్‌షెబా తీరంలో డ్రోన్ ఎగరేస్తే ఇసుకే కనపడలేదు, ఎటు చూసినా గోధుమరంగు సర్గాసమ్ నాచు, కుళ్లిన గుడ్ల కంపు. క్లయింటు ఆ నాచును ఎడిటింగ్‌లో తీసేయమన్నారు. తీసేశాను, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

2011 నుంచి మా బార్బడోస్‌కు ఇది కుప్పలుగా కొట్టుకొస్తోంది, 2018లోనైతే పశ్చిమ ఆఫ్రికా నుంచి గల్ఫ్ ఆఫ్ మెక్సికో దాకా 8,800 కిలోమీటర్లకు పైగా పరుచుకుంది. నడిసముద్రంలో తాబేలు పిల్లలకు నీడనిచ్చే నాచే, ఒడ్డున గుట్టలుగా పడితే అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్లల్ని నీళ్లదాకా పోనివ్వదు. అది కళ్లారా చూశాను.

ఇప్పుడు హోటళ్ల పని మానేసి ఆ నాచునే చూపిస్తున్నా. ఆదాయం బాగా తగ్గింది, పర్లేదు. మొన్న ఒక జాలరి వలకు పట్టిన నాచు దులుపుతూ "ఇది కూడా వీడియో తియ్యి బాబూ" అన్నాడు. గంటసేపు తీశాను.