రంగం తాత కోసం వెతుకులాట: జనవరి నుంచి ఆగస్టు దాకా

మా ఇంట్లో ముత్తాతని పేరుతో ఎవరూ చెప్పుకోరు. రంగం తాత అంటారు. మా ఉత్తరాంధ్రలో పాతవాళ్ల నోట రంగం అంటే రంగూన్. ఆయన గురించి నేను చిన్నప్పటి నుంచి విన్నది రెండే ముక్కలు: కూలీలను వెంటబెట్టుకుని ఓడెక్కి మేస్త్రీగా రంగం వెళ్లాడు, 1930లో రంగూన్ రేవు కూలీల గలాటాలో పోయాడు. ఈ పని మొదలుపెట్టినప్పుడు వీటికి నాలుగు తేదీలు జతచేస్తే సరిపోతుందనుకున్నాను. ఎనిమిది నెలలయ్యాక చూస్తే ఆ రెండో ముక్కే తప్పు. ఎలా తేలిందో మర్చిపోకముందే రాసి పెట్టుకుంటున్నాను.

జనవరి

ముందు ఇంట్లో ఉన్న టేకు పెట్టె తెరిచాను. శిస్తు రసీదుల కట్ట, రెండు దస్తావేజులు, ఒక ఫోటో, ఒక ఖాళీ కవరు. ఇక్కడే మొదటి తప్పు చేశాను. ఏది దేనితో కలిపి కట్టి ఉందో చూసుకోకుండా ఉత్సాహంగా దారాలన్నీ విప్పేశాను. ఆ కవరు రసీదుల మధ్య ఉందా, దస్తావేజు మడతలో ఉందా అన్నది ఇక ఎప్పటికీ తెలియదు. మీరు ఎప్పుడైనా ఇలాంటి పెట్టె తెరిస్తే చెయ్యి పెట్టకముందే పైనుంచి ఒక ఫోటో, ప్రతి కట్టకీ విప్పేముందు ఒక ఫోటో తీయండి.

స్కానర్ లేదు, ఫోనే. కిటికీ దగ్గర పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, వెనక తెల్ల కాగితం వేసి రెండు వైపులా తీశాను. ఫైలు పేరులో ముందు సంవత్సరం, తర్వాత అది ఏ కాగితం, చివర ఎవరి దగ్గర దొరికింది. సంవత్సరం తెలియకపోతే సున్నాలు. మా బాబాయి తన వాటాకొచ్చిన దస్తావేజుని భద్రంగా ఉంటుందని లామినేషన్ చేయించాడు. వేడికి సిరా కరిగి వేలిముద్ర ఒక నీలి మరకైంది. ఆయన్ని ఏమీ అనలేకపోయాను.

కవరు సంగతి

ఇది కొంచెం వివరంగా రాయాలి. అరచేయంత కవరు, ఒక మూల పసుపు మరక. లోపల ఉత్తరం లేదు. చిరునామా తెలుగులో, నిబ్బు పెన్నుతో, చివర "సోంపేట తాలూకా, గంజాం జిల్లా" అని ఉంది. పోస్టాఫీసు ముద్ర సగం చిరిగిపోయింది, సంవత్సరం లేదు.

జిల్లా పేరు చూసి తేదీ తేలిపోయిందనుకున్నాను. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం అటు పోయింది, సోంపేట, టెక్కలి వైపు ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో కలిసింది. శ్రీకాకుళం జిల్లా వచ్చింది 1950లో. కాబట్టి గంజాం అని ఉంటే 1936కి ముందుదే అని రాసుకున్నాను. 1930 కథకి అడ్డేమీ రాలేదు, హాయిగా ఉంది.

రెండు నెలల తర్వాత స్టాంపుని పెద్దది చేసి చూశాను. అయిదో జార్జి బొమ్మ, మామూలు ఇండియా స్టాంపే. కానీ దాని మీద నల్లగా, ఇంగ్లీషు అక్షరాల్లో బర్మా అని అడ్డంగా అచ్చు. ఆ అచ్చు పోస్టాఫీసు ముద్రలో భాగమని ఇన్నాళ్లూ వదిలేశాను. బర్మా 1937 ఏప్రిల్ 1 దాకా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రమే. ఆ రోజు విడిపోయింది, ఆ రోజు నుంచే ఇండియా స్టాంపుల మీద ఇలా బర్మా అని అచ్చేసి వాడారు. మరుసటి ఏడాది సొంత స్టాంపులు వచ్చాయి. అంటే ఈ కవరు 1937కి ముందు వచ్చే వీల్లేదు.

మరి గంజాం? ఊరొదిలి ఏళ్లు గడిచినవాడికి జిల్లా మారిన సంగతి ఎవరు చెప్తారు? తను వదిలి వెళ్లిన చిరునామానే రాస్తూ ఉంటాడు. చిరునామా మనిషి అలవాటుని చెప్తుంది, స్టాంపు అబద్ధమాడదు. సరే, 1930లో పోయినవాడు 1937లో కవరు ఎలా పంపాడు?

మామ్మతో రెండు సిట్టింగులు

మా తాతకి మేనమామ కూతురు, తొంభై దాటిన మనిషి, జ్ఞాపకం మాత్రం గట్టిది. మొదటిసారి నోట్సు పట్టుకుని "ఏ సంవత్సరం మామ్మా?" అని అడుగుతూ కూర్చున్నాను. గంటన్నర వృథా. "రంగం తాతా? గలాటల పోనాడంట" అని అందరూ చెప్పేదే చెప్పింది.

రెండోసారి ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి పక్కన పడేశాను. సంవత్సరాలు అడగలేదు. ఆమె కళ్లారా ఎరిగిన వాటికి ముందా, వెనకా అని అడిగాను. 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్లు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశారు. అప్పటికి ఈమెకి ఎనిమిదేళ్లు ఉంటాయి, ఆ భయం బాగా గుర్తు. రంగం నుంచి ఎవరైనా నడిచొచ్చారా అంటే వెంటనే అంది: "ఒచ్చినాడు. ఇశాపట్నంల బాంబు పడ్డాకే. వానలింకా రాలేదు. కాళ్లు వాచిపోనాయి ఆడికి. అత్తకి ఆడే సెప్పినాడు, పెరోము కాడ ఒగ్గేసినారని."

అత్త అంటే మా ముత్తవ్వ. నడిచొచ్చినవాడు వేరే మనిషి, ఒగ్గేసింది అంటే వదిలేసింది రంగం తాతని. పెరోము ఏమిటో ఆమెకీ తెలియదు, నాకూ తెలియదు. నోట్సులో ప్రశ్నార్థకం పెట్టి వదిలేశాను. వారం తర్వాత బర్మా మ్యాప్ చూస్తుంటే ఐరావతి ఒడ్డున కనిపించింది: ప్రోమ్. రంగూన్ మీద మొదటిసారి బాంబులు పడింది 1941 డిసెంబరు 23న, నగరం జపాన్ చేతికి పోయింది 1942 మార్చిలో. ఓడ దొరకనివాళ్లలో చాలామంది ప్రోమ్ దాకా వచ్చి, కొండలు దాటి టాంగుప్, అక్కడి నుంచి పడవల మీద అక్యాబ్, చిట్టగాంగ్ చేరారు. దారిలో కలరా. ఎనిమిదేళ్ల పిల్ల చెవిన పడ్డ మాట, అర్థం తెలియకుండానే ఎనభై ఏళ్లు నిలిచింది.

ఒకటి గమనించండి. విన్న మాట విన్నట్టే రాయాలి. దాన్ని అప్పుడే "ఫారం" అనో "పేరం" అనో దిద్ది ఉంటే ఇది దొరికేది కాదు.

ఏప్రిల్, రిజిస్ట్రార్ ఆఫీసు

ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) 1983 నుంచే వస్తుంది కాబట్టి పాతవాటికి మనిషి వెళ్లాల్సిందే. మీ ఊరు అప్పట్లో ఏ ఆఫీసు కిందికి వచ్చేదో ముందు కనుక్కోండి. నేను కనుక్కోకుండా వెళ్లి ఒక రోజు పోగొట్టుకున్నాను. ఇండెక్స్ ఒకటి పేర్లది, ఇండెక్స్ రెండు ఆస్తులది. ఇంటిపేరు ఒక్కోచోట ఒక్కోలా రాస్తారు, అందుకే సర్వే నంబరుతో వెతకడం మేలు. స్థిరాస్తి పుస్తకం నకలు కట్టాల్సింది కట్టి ఎవరైనా తీసుకోవచ్చు, వారసులమని నిరూపించుకోనక్కర్లేదు. మేం వెళ్లిన చోట మూడుసార్లు రేపు రమ్మన్నారు, నాలుగోసారి దొరికింది.

1944 నాటి తాకట్టులో తాతని "ఫలానా వారి కుమారుడు" అని రాశారు, తండ్రి పేరు ముందు లేటు లేదు. 1950 విక్రయంలో లేటు ఉంది. ఏడేళ్లు కబురు లేని మనిషిని చనిపోయినట్టు లెక్కించవచ్చని పాత సాక్ష్య చట్టం 108వ సెక్షన్. రాసిన దస్తావేజు లేఖరికి అది తెలిసి రాశాడా, ముత్తవ్వే ఆ ఏటికి ఒప్పుకుందా చెప్పలేను. నాకు రెండోదే నిజమనిపిస్తుంది.

జూన్, పంతులు గారి పుస్తకం

ఇది అసలు నా జాబితాలోనే లేదు. నాన్న ఓసారి మాటల్లో, తన చిన్నప్పుడు వేసవిలో ఒక తద్దినం ఉండేదని, అది ఎవరిదో తెలియదని, తాత పోయాక ఆగిపోయిందని అన్నాడు. రంగం తాతకి తిథి లేదు, మహాలయ అమావాస్యకే పెడతారు. మరి వేసవిలో ఎవరికి?

మా పురోహితుడి ఇంట్లో వాళ్ల నాన్నగారు రాసుకున్న తిథుల పుస్తకం ఉంది. మా ఇంటి పేజీలో ముత్తాత పేరు, ఎదురుగా "మహాలయ అమావాస్య". దాని కింద ఇంకో పేరు, "తమ్ముడు", "ప్రమోదూత వైశాఖ బ. చతుర్దశి".

ప్రమోదూత అంటే 1930-31. తేదీ కోసం వెబ్‌సైటులో వేస్తే ఏప్రిల్ చివర అని వచ్చింది, గలాటాకి నెల ముందు. రెండు వారాలు ఆ దారే వదిలేశాను. తర్వాత తెలిసింది, ఆ సైటు ఉత్తరాది పద్ధతిలో పౌర్ణమితో నెల ముగిస్తోంది. మనకి అమావాస్యతో ముగుస్తుంది కాబట్టి బహుళ పక్షం తిథులన్నీ వాళ్ల లెక్కలో వచ్చే నెలవి. సెట్టింగు 'అమాంత' (అమావాస్యతో నెల ముగిసేది) అని మారిస్తే 1930 మే 27 వచ్చింది.

రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె ముగిసి, వాళ్ల బదులు పెట్టుకున్న బర్మా కూలీలను వెనక్కి పంపినప్పుడు గొడవ రాజుకుంది మే 26న. తిథి తెలిసిందంటే చూసినవాళ్లు కబురు తెచ్చారన్నమాట. తిథి లేనివాడు వేరు. మా ఇంట్లో రంగం తాత ఒకడు కాదు, అన్నదమ్ములు ఇద్దరు. తమ్ముడు 1930లో, అన్న పన్నెండేళ్ల తర్వాత. తమ్ముడికి పిల్లలు లేరు. తద్దినం ఆగాక ఆయన చావు వచ్చి అన్న కథలో కలిసిపోయింది.

మిగిలినవి

జాతీయ అభిలేఖాగారం వారి వెబ్‌సైటు అభిలేఖ్ పటల్‌లో బర్మా కాందిశీకుల ఫైళ్లు వెతుకుతున్నాను, మా ఊరు ఇంకా తగల్లేదు. ఇంగ్లీషు కాగితాల్లో తెలుగువాళ్లని కోరంగి రేవు పేరుతో కోరంగీలు అంటారు, స్పెల్లింగులు నాలుగైదు రకాలు, అన్నీ వేసి చూడాలి. ఉత్త పేరుతో వెతకడం దండగ, 1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా మనదేశం వాళ్లే.

ఫోటో ఒకటి ఉంది కదా. కుర్చీలో కోటు వేసుకుని కూర్చున్న మనిషి, ఒక్కడే. ఏ రంగం తాత? మామ్మ ఎరగదు. మహాలయ అమావాస్యకి బంధువులు వస్తారు, అప్పుడు ముందుగా ఏమీ చెప్పకుండా ఒక్కొక్కరికీ విడిగా చూపించి అడుగుతాను. అప్పటిదాకా ఫైలు పేరు: 0000-ఫోటో-ఇద్దరిలో-ఒకరు-టేకుపెట్టె.