మోటబావి గట్టున ఒక పొద్దు

శ్రావణం మొదటి వారం. రాత్రి జల్లు కురిసి వెలిసింది. ఆరు కాకముందే బావి గట్టు మీది నల్లతుమ్మ కిచకిచలతో నిండిపోయింది. బావిలోకి వంగిన కొమ్మలకు మొత్తం 23 గిజిగాడి గూళ్లు. అందులో 5 ఇంకా మొదటి అల్లికైన వలయాలే, 9 టోపీ దశలో, అంటే సగం పనిలో ఉన్నాయి, 6 వాకిలి గొట్టంతో సహా పూర్తయ్యాయి, 3 ఎండిపోయి ఎవరికీ పట్టకుండా వేలాడుతున్నాయి. లెక్క ఇలా విడివిడిగానే రాసుకోవాలి. ఊరికే 23 అని రాస్తే ఇక్కడ 23 కాపురాలున్నాయనుకుంటాం. కాపురాలు ఆ ఆరింటిలోనే.

మగవాటికి ఇప్పుడు నెత్తి పచ్చగా పసుపు పూసినట్టుంది, చెంపలూ గొంతూ ముదురు గోధుమ రంగు, ముక్కు నలుపు. దసరా దాటాక ఈ రంగులన్నీ పోయి ఆడదానిలాగే, ఇంచుమించు ఊరపిచ్చుకలాగే కనిపిస్తాయి. చలికాలంలో గిజిగాళ్లు మాయమయ్యాయని చాలామంది అనుకునేది అందుకే. అవి ఎక్కడికీ పోవు. గుంపులుగా కోసిన చేలల్లో గింజలు ఏరుకుంటూ, రాత్రికి చెరువు జమ్ములోనో చెరుకు తోటలోనో తలదాచుకుంటాయి.

పోగు తెచ్చే పని పొద్దున జోరుగా సాగుతుంది. పక్క నారుమడిలో ఒక మగది వరి ఆకు మీద వాలింది. ఆకు మొదలు దగ్గర అంచున ముక్కుతో చిన్న గాటు పెట్టింది. గాటు దగ్గర అంచును గట్టిగా పట్టుకుని కొస వైపు ఎగిరింది. ఆ ఎగిరే ఊపుకే పోగు సర్రున చీలి వచ్చేసింది. ఆకు మధ్య ఈనె జోలికి పోదు, అంచే తీసుకుంటుంది. ఒక్కో పోగు 20 నుంచి 60 సెంటీమీటర్ల పొడవు. ఈత ఆకునూ ఇలాగే చీలుస్తుంది, కాకపోతే అది గట్టిది కనుక రెండు మూడు సార్లు లాగాలి. గూడు మొత్తానికి ఇలాంటి తిరుగుళ్లు 500 దాకా ఉంటాయి. పోగు పచ్చిగా ఉన్నప్పుడే అల్లాలి. ఎండకు వాడితే వంగదు, మడత దగ్గర విరుగుతుంది. పచ్చిగా అల్లిన ముడి ఎండేకొద్దీ బిగుస్తుంది.

మొదటి ముడి అన్నిటికన్నా కష్టం. పోగు ఒక కొసను కాలి కింద తొక్కిపెట్టి, రెండో కొసను ముక్కుతో కొమ్మ చుట్టూ తిప్పి, సందులోంచి దూర్చి లాగుతుంది. పది పన్నెండు పోగులు ఇలా పడితే గానీ వేలాడదీయడానికి పట్టు దొరకదు. ఆ తర్వాత కిందికి వలయం, ఉయ్యాల లాగా. ఆ వలయంలోనే కూర్చుని, చుట్టూ తన ముక్కు అందినంత మేర అల్లుకుంటూ పోతుంది. గూటి వెడల్పుకు కొలబద్ద దాని ఒళ్లే. ఒక పక్క గుడ్లు పెట్టే గది, రెండో పక్క వాకిలి, మధ్యలో అడ్డ పట్టీ. ఇక్కడికి వచ్చేసరికి సుమారు 8 రోజులు. చూడటానికి బోర్లించిన టోపీ లాగా ఉంటుంది, కింద రెండు వైపులా తెరిచే ఉంటుంది. ఇక్కడే పని ఆపేస్తుంది.

ఎందుకు ఆపుతుందో తొమ్మిది గంటలకు కళ్లారా కనబడింది. ఆడపిట్టలు నాలుగు గుంపుగా వచ్చి వాలాయి. టోపీ గూళ్ల దగ్గరున్న మగవన్నీ ఒక్కసారిగా తలకిందులుగా వేలాడుతూ రెక్కలు కొట్టుకుంటూ అరిచాయి. ఒక ఆడది లోపలికి దూరి, అడ్డ పట్టీ మీద కూర్చుని, అల్లికను ముక్కుతో రెండు మూడు చోట్ల లాగి చూసింది. బయటికి వచ్చి వెళ్లిపోయింది. ఇంకో గూట్లో అంతకన్నా ఎక్కువసేపు ఉంది. నచ్చితే ఆ మగది గది అడుగు మూసి, వాకిలి వైపు గొట్టం కిందికి దింపుతుంది. మొత్తం 18 రోజుల పని. నచ్చకపోతే ఆ గూడు టోపీగానే మిగిలిపోతుంది. మగది కొన్నాళ్లు చూసి ఇంకోటి మొదలుపెడుతుంది.

ఇందులో తెలుసుకోవలసింది ఒకటుంది. గిజిగాడి అల్లిక పనితనాన్ని మనం ఎంతో మెచ్చుకుంటాం, మెచ్చుకోవలసిందే. కానీ ఆడపిట్ట ఎంపికలో అల్లిక కన్నా గూడు ఉన్న చోటుకే ఎక్కువ తూకం అని శ్రద్ధగా గమనించినవారు తేల్చారు. ఎంత ఎత్తున ఉంది, ముళ్ల చెట్టేనా, కొమ్మ గట్టిదేనా అన్నవి ముందు. కాకి, తొండ, జెర్రిపోతు అందుకోలేని చోటు కావాలి. ఈ తుమ్మ మీదే చూడండి: ఎండిపోయిన 3 గూళ్లూ పడమటి పక్కన, గట్టు మీది నుంచి చెయ్యి అందేంత ఎత్తులో ఉన్నాయి. పూర్తయిన 6 గూళ్లలో 5 తూర్పు కొమ్మలకే. నైరుతి గాలీ వానా వచ్చేది పడమటి పక్క నుంచి కాబట్టి చెట్టే వాటికి అడ్డుగోడ.

పక్కనున్న ఈత చెట్టు కింద ఒక గూడు పడి ఉంది. అల్లికలో లోపం లేదు, ముడి ఒక్కటీ జారలేదు. కింది వరుస కమ్మకు కట్టింది, ఆ కమ్మ ఎండి ఊడింది, కమ్మతో పాటే గూడూ. లోపల రెండు తెల్లని గుడ్లు, చల్లబడిపోయాయి. ఆడది ఒక్కతే పొదుగుతుంది, 14 నుంచి 17 రోజులు. పిల్లలు ఎగరడానికి ఇంకో 17 రోజులు. అంటే ఆధారం కనీసం నెల రోజులు నిలవాలి.

ఆ గూటి గది గోడలకు లోపల తడిమట్టి ముద్దలు అంటించి ఉన్నాయి. వీటికి మిణుగురులను అతికించి దీపం పెట్టుకుంటుందని మన పెద్దలు చెప్పేవారు. మట్టి నిజం, దీపం కాదు. గాలికి గూడు మరీ ఊగిపోకుండా ఈ బరువు పనికొస్తుందని ఎక్కువమంది అభిప్రాయం.

మధ్యాహ్నం పన్నెండు దాటాక సందడి తగ్గింది. ఈ వేళలో, పిల్లలున్న గూడు ఏదో కింది నుంచే పోల్చుకోవచ్చు. ఆడది నోట్లో పురుగుతో వచ్చి, ఎక్కడా ఆగకుండా గొట్టంలోకి కింది నుంచి నిట్టనిలువుగా దూసుకుపోతుంది. వరి కంకులు తింటుందని రైతుకు దీని మీద కోపం, అది అన్యాయమేమీ కాదు, పాలుపోసుకునే వేళ గుంపు వాలితే నష్టమే. కానీ పిల్లలకు పెట్టేది మాత్రం గొంగళిపురుగులూ మిడతలూ లాంటివే. చూసేవాళ్లు 20 మీటర్ల దూరంలో, నీడలో కూర్చోవాలి. కొమ్మ వంచి లోపలికి తొంగిచూస్తే ఆడది గూడు వదిలేయవచ్చు.

పూర్తయిన ఆ ఆరు గూళ్లలో ఒకదాని పని ముగించిన మగది, మూరెడు దూరంలో ఇంకో వలయం మొదలుపెట్టింది. మొదటి ఆడది గుడ్ల మీద ఉండగానే రెండోదాని కోసం. 1930 ప్రాంతంలో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ ముంబై దగ్గర కిహీంలో గిజిగాళ్లను చూసి ఈ వరుస కాపురాల సంగతి వివరంగా రాశారు.

తుమ్మ కొమ్మలు కరెంటు తీగలకు అడ్డమని కొట్టేది సరిగ్గా ఈ నెలల్లోనే. వైశాఖంలో కొట్టినా, కార్తీకంలో కొట్టినా పని అదే, గూళ్లు మాత్రం మిగులుతాయి. పాత బావిని పూడ్చితే గట్టు చెట్టూ పోతుంది. అలంకారానికి గూడు కావాలనుకునేవారూ ఆగాలి. ఖాళీ అయిన గూట్లో జీనువాయి పిట్టలు చేరతాయి, చెట్టెలుకలు చేరతాయి.

సాయంత్రం ఐదున్నరకు పడమర నుంచి గాలి లేచింది. గూళ్లన్నీ ఒకే వైపు వంగాయి, గొట్టాలు తూర్పుకు తిరిగాయి. కొత్త వలయంలో ఆ మగది ముక్కున పోగు పట్టుకునే ఉంది, కొమ్మ ఊగుతుంటే కొస దూర్చలేక రెండుసార్లు జారవిడిచి, మూడోసారి దూర్చి లాగింది.