ఎల్‌ఎస్6 అవునా, కాదా? ఫ్యాక్టరీ కాగితాలతో ఒక 1970 షెవెల్ పుట్టుకను తేల్చిన తీరు

పాత అమెరికన్ మజిల్ కార్లలో, అంటే పెద్ద ఇంజిన్‌తో దూసుకుపోయే కార్లలో, 1970 షెవర్లే షెవెల్ ఎస్‌ఎస్454కి (ఎస్‌ఎస్ అంటే సూపర్ స్పోర్ట్) గట్టి గిరాకీ ఉంది. అందులోనూ ఎల్‌ఎస్6 ఇంజిన్‌తో వచ్చిన కారంటే ధర ఎక్కడికో వెళ్లిపోతుంది. ఎల్‌ఎస్5, ఎల్‌ఎస్6 రెండూ 454 ఘనపు అంగుళాల ఇంజిన్లే. మొదటిదానికి కంపెనీ 360 హార్స్‌పవర్ అని రాసింది, రెండోదానికి 450. పక్కపక్కన నిలబెట్టి బయటినుంచి చూస్తే ఏది ఏదో చెప్పడం కష్టం. అందుకే ఎల్‌ఎస్5తో పుట్టిన కార్లూ, అసలు ఎస్‌ఎస్సే కాని మామూలు షెవెల్ మాలిబూలూ ఎల్‌ఎస్6 వేషం వేసుకుని అమ్మకానికి వస్తుంటాయి. అలాంటి ఒక కారు ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు బోనెట్ కింద ఏ ఇంజిన్ ఉందో తేల్చాల్సి వచ్చింది. నేను పట్టిన వరుస ఇదీ.

ముందు విన్ నంబర్, అంటే ప్రతి కారుకీ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య. 1968 నుంచి షెవెల్‌కి ఇది డ్యాష్‌బోర్డు మీద, ముందు అద్దంలోంచి కనిపించే పలక మీద ఉంటుంది. ఈ కారుది 136370కే, ఆ తర్వాత ఆరంకెల వరుస సంఖ్య. 1 అంటే షెవర్లే, 36 వీ8 మాలిబూ, 37 రెండు తలుపుల స్పోర్ట్ కూపే, 0 అంటే 1970 మోడల్, కే అంటే కాన్సస్ సిటీ ఫ్యాక్టరీ. ఎస్‌ఎస్ అన్న ఊసే లేదు. 1966 నుంచి 1968 దాకా ఎస్‌ఎస్396 సొంత సిరీస్, నంబర్ 138తో మొదలయ్యేది కాబట్టి చూడగానే తెలిసిపోయేది. 1969లో దాన్ని ఆప్షన్‌గా మార్చారు, ఆ ఆనవాలు పోయింది. ఇంజిన్‌ని చెప్పే అక్షరం షెవర్లే మాతృసంస్థ జీఎం కార్ల విన్‌లోకి వచ్చింది 1972 మోడల్‌తోనే.

మిగతా కంపెనీల కార్లు చూసేవాళ్లకి ఈ బాధ తక్కువ. 1970 ప్లిమత్ నంబర్ బీఎస్23ఆర్0బీ అని మొదలైతే అందులోని ఆర్ అక్షరం 426 హెమీ ఇంజిన్‌ని చెబుతుంది. 1969 మస్టాంగ్ 9ఎఫ్02ఆర్ అంటే డియర్‌బార్న్‌లో తయారైన ఫాస్ట్‌బ్యాక్, ర్యామ్ ఎయిర్ ఉన్న 428 కోబ్రా జెట్ ఇంజిన్. మన షెవెల్ పలక మీద నేను చూడగలిగింది రివెట్లు మాత్రమే. ఆరు రేకుల పువ్వులాంటి తలలున్న ఫ్యాక్టరీ రివెట్లే ఉన్నాయి. గుండ్రటి తల ఉన్న మామూలు పాప్ రివెట్లు కనిపించి ఉంటే అక్కడే ఆగిపోవాల్సింది.

తర్వాత, కంపెనీ దగ్గర ఏమైనా రికార్డు మిగిలిందా అన్న ప్రశ్న. ఇది పూర్తిగా ఏ కంపెనీ కారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. పాంటియాక్ వాళ్లు అదృష్టవంతులు. పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ దగ్గర 1961 నుంచి 1986 దాకా ఫ్యాక్టరీ బిల్లింగ్ రికార్డులున్నాయి, విన్ పంపితే నకలు ఇస్తారు. 1964, 1965 జీటీఓలకి ఇది తప్పనిసరి, ఎందుకంటే ఆ రెండేళ్లూ జీటీఓ అనేది పాంటియాక్ లెమాన్స్ మోడల్ మీద తీసుకునే ఆప్షనే. 1966లో సొంత సిరీస్ అయ్యాకే విన్ 242తో మొదలవుతుంది. ఫోర్డ్‌కి 1967 నుంచి కంపెనీ రికార్డుల ఆధారంగా కారు వారీగా ఇచ్చే మార్టీ రిపోర్ట్ ఉంది. క్రైస్లర్ కార్లకి 1967 మోడల్ వరకు కంపెనీ బిల్డ్ రికార్డులు మిగిలాయి. ఆ తర్వాతవాటికి సీట్ల కింద దొరికే బ్రాడ్‌కాస్ట్ షీటూ (తయారీ లైన్ మీద వాడిన చీటీ), బోనెట్ కింద బిగించిన ఫెండర్ ట్యాగ్ అనే రేకు పలకే దిక్కు. ఆ ట్యాగ్‌ని కింది వరుస నుంచి పైకి చదవాలి. ఈ74 అంటే 426 హెమీ. తేదీలో 1 నుంచి 9 దాకా జనవరి–సెప్టెంబర్, ఏ అక్టోబర్, బీ నవంబర్, సీ డిసెంబర్. 1970 మోడల్ మీద సీ12 అని ఉంటే అది 1969 డిసెంబర్ 12. మోడల్ సంవత్సరాన్ని క్యాలెండర్ సంవత్సరం అనుకుని తప్పు తేదీ రాసేవాళ్లు చాలామంది.

షెవర్లేకి కంపెనీ దగ్గర దాచిన ఇలాంటి రికార్డులేవీ లేవు. కెనడాలో కొత్తగా అమ్మిన కారయితే జీఎం కెనడా రికార్డులు విన్ వారీగా దొరుకుతాయి. ఇది అమెరికాలో అమ్మిన కారు. జీఎం హెరిటేజ్ సెంటర్ ఇచ్చే కాగితాల కట్ట ఆ మోడల్ మొత్తానికి సంబంధించింది, ఈ ఒక్క కారు గురించి అందులో ఒక్క ముక్క ఉండదు. అయినా నేను దాన్ని ముందే దగ్గర పెట్టుకుంటాను. అందులో ఉండే ఏఎంఏ (కార్ల తయారీదారుల సంఘం) స్పెసిఫికేషన్ పత్రాలు ఇంజినీర్లు నింపినవి, ప్రచారం కోసం రాసినవి కావు. ప్రచార పుస్తకాల సంగతి వేరు, అవి ఉత్పత్తి మొదలవకముందే అచ్చవుతాయి. 1970 కార్వెట్ ప్రచారంలో 460 హార్స్‌పవర్ ఎల్‌ఎస్7 కనిపిస్తుంది, కొన్నవాళ్లకి మాత్రం అది అందలేదు. అదే ఏడాది ఎస్‌ఎస్396 బ్యాడ్జి వెనక ఉన్న ఇంజిన్ నిజానికి 402 ఘనపు అంగుళాలది. కాబట్టి ఏ కాగితం చేతికొచ్చినా అది ఎవరు, ఎప్పుడు, ఏ పని కోసం రాశారో ముందు చూస్తాను. లైన్ మీద కార్మికుడు సరైన ఇంజిన్ ఎక్కించడం కోసం ముద్రించిన చీటీకి అబద్ధం చెప్పే అవసరం లేదు.

కారుతో పాటు ఒక విండో స్టిక్కర్ వచ్చింది, దాని మీద ఎల్‌ఎస్6 అని ఉంది. 1958 చట్టం ప్రకారం అమెరికాలో ప్రతి కొత్త కారు అద్దానికీ ధర చీటీ అంటించాల్సిందే. అందుకే దీనికి విలువ, అందుకే నకిలీలూ ఎక్కువ. పదింతలు చూపించే భూతద్దం పెడితే అక్షరాల అంచుల చుట్టూ సన్నటి నల్లటి పొడి చుక్కలు కనిపించాయి. అది లేజర్ ప్రింటర్ టోనర్. 1970లో ఇలాంటి చీటీలు సుత్తి దెబ్బలా అక్షరాన్ని కాగితం మీద కొట్టే ప్రింటర్ల మీద వచ్చేవి. అల్ట్రావయొలెట్ లైటు కింద కాగితం నీలంగా మెరిస్తే నకిలీ అని కొందరు తేల్చేస్తారు. నేను దాని మీద ఆధారపడను, కాగితానికి మెరుపు రసాయనాలు కలపడం 1950ల నుంచే ఉంది. ఈ స్టిక్కర్‌కి టోనరే చాలు. అయితే ఇది తర్వాత అచ్చు వేయించిందన్నంత మాత్రాన కారు ఎల్‌ఎస్6 కాదని రుజువైనట్టు కాదు. అసలు కాగితం పోగొట్టుకున్నవాళ్లు కూడా ముచ్చటకి ఇలాంటివి వేయించుకుంటారు. దాన్ని పక్కన పెట్టాను.

ఇక మిగిలింది బిల్డ్ షీట్, అంటే లైన్ మీద కార్మికుల కోసం ముద్రించిన ఆ చీటీ. షెవెల్‌లో ఇది ఎక్కువగా పెట్రోల్ ట్యాంకు పైన, డిక్కీ అడుగు రేకుకీ ట్యాంకుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. వెనక సీటు స్ప్రింగుల్లో కూడా వెతకాలి, ఇక్కడ అది ఖాళీ. ట్యాంకు దించేముందు పెట్రోలు పూర్తిగా తోడేసి, బ్యాటరీ తీగ విప్పేయాలి. వెలుతురుకి ఎల్‌ఈడీ టార్చ్ మాత్రమే, వేడెక్కే బల్బు దగ్గరికి రాకూడదు. ట్యాంకు కింద జాకీ, జాకీకీ ట్యాంకుకీ మధ్య వెడల్పాటి చెక్క. రెండు పట్టీల బోల్టులు విప్పి, ముందు నాలుగంగుళాలు మాత్రమే దించాలి. ఫ్యూయల్ గేజ్ తీగా, రబ్బరు గొట్టాలూ విప్పకుండా ఇంకా కిందికి లాగితే అవి తెగుతాయి. ఆ నాలుగంగుళాల సందులోంచి ఫోన్ దూర్చి ఫోటోలు తీయాలి. కాగితం ఉన్నచోట ఉండగా తీసిన ఫోటో తర్వాత కాగితమంత సాక్ష్యం.

కాగితం ఉంది. కుడివైపు మూడోవంతు తుప్పు తినేసింది, మిగతాది టీ డికాషన్ రంగులో ట్యాంకుకి అతుక్కుపోయి ఉంది. ఇలాంటప్పుడు గోటితో గీకితే పొరలు పొరలుగా లేచిపోతుంది. ముందు ఒక మూల మీద తడి దూది అద్ది సిరా కారుతుందేమో చూశాను. కారలేదు. డిస్టిల్డ్ వాటర్ సన్నగా చల్లి, నానాక అంచు కింద పల్చటి ప్లాస్టిక్ గరిటె పోనిచ్చి కొంచెం కొంచెంగా విడదీశాను. ఆ తర్వాత బ్లాటింగ్ పేపర్ల మధ్య పెట్టి, పైన బరువు, మధ్యమధ్యలో బ్లాటింగ్ మార్చడం. ఆరాక పాలిస్టర్ కవరులో పెట్టాలి. లామినేషన్ చేయిస్తే ఆ వేడికి కాగితం పని అయిపోయినట్టే, ఇంకెప్పటికీ విడదీయలేం.

చదవాల్సిన మొదటి గడి ఇంజిన్‌ది కాదు, వరుస సంఖ్యది. లైన్ మీద ముందూ వెనకా వెళ్లిన కార్ల షీట్లు తారుమారై దొరకడం మామూలే. పక్క కారు షీట్ పట్టుకుని ఈ కారు చరిత్ర రాసేస్తే అంతా గల్లంతు. ఆరంకెలూ విన్‌తో కలిశాయి. గడుల్లో జెడ్15 కనిపించింది, అంటే ఎస్‌ఎస్454 ప్యాకేజీ నిజం. ఇంజిన్ గడిలో మూడక్షరాల కోడ్. సీ, ఆర్ స్పష్టం, మూడోది సరిగ్గా మడత మీద పడి చెరిగిపోయింది. వీ అయితే ఎల్‌ఎస్6 మాన్యువల్ గేర్లు, ఆర్ అయితే ఎల్‌ఎస్6 ఆటోమేటిక్. సిరా పోయినా ప్రింటర్ కొట్టిన దెబ్బకి కాగితంలో గుంట మిగులుతుంది. గది చీకటి చేసి, కాగితానికి దాదాపు సమాంతరంగా ఒక పక్కనుంచి టార్చ్ వేస్తే ఒక నిలువు గీతా, దాని నెత్తిన ఒక అడ్డగీతా నీడలో తేలాయి. టీ. ఎల్‌ఎస్5, మాన్యువల్ గేర్లు.

ఒక్క అక్షరం నీడ మీద తీర్పు చెప్పడం సరికాదు కాబట్టి ఇంజిన్ దగ్గరికి వెళ్లాను. కుడివైపు సిలిండర్ హెడ్ ముందు, బ్లాకు మీద ఇంజిన్ కోడ్ కొట్టిన చదునైన ప్యాడ్ ఉంటుంది. దాన్ని వైర్ బ్రష్‌తో రుద్దకూడదు, సాల్వెంట్ తడిపిన గుడ్డతో తుడవాలి. టీ0213సీఆర్‌వీ అని ఉంది. టీ అంటే న్యూయార్క్ రాష్ట్రంలోని టోనవాండా ఇంజిన్ ఫ్యాక్టరీ, ఫిబ్రవరి 13, ఎల్‌ఎస్6. పక్కనే కారు విన్‌తో కలిసే అంకెలు. చూడ్డానికి సలక్షణంగా ఉంది. కానీ ఫ్యాక్టరీలో కోసిన ప్యాడ్ మీద ముందునుంచి వెనక్కి సన్నటి సమాంతర గీతలు ఉండాలి. ఇక్కడ గుండ్రంగా తిరిగిన గ్రైండర్ గీతలున్నాయి. ఇంజిన్ రీబిల్డ్‌లో బ్లాకు పైభాగం కోయించినా గీతలు పోతాయి, అది మోసం కాదు. అయితే అలా కోస్తే అంకెలు కూడా పోవాలి కదా. గీతలు పోయి అంకెలు మిగిలాయంటే అవి తర్వాత కొట్టినవి.

తేదీలు మిగతాది చెప్పాయి. స్థలం కొనేటప్పుడు లింక్ డాక్యుమెంట్లు వరుసలో ఉన్నాయా అని చూసుకుంటాం కదా, ఇదీ అంతే. బ్లాకు పోత పోసిన తేదీ ముందు, ఇంజిన్ బిగించిన తేదీ తర్వాత, కారు తయారైన తేదీ చివర రావాలి. కారు బాడీ ట్యాగ్ మీద 03బీ, అంటే మార్చి రెండో వారం. గేర్‌బాక్స్ మీద పీ0బీ24: పీ మన్సీ ఫ్యాక్టరీ, 1970 ఫిబ్రవరి 24. దాని మీదా విన్ అంకెలు కలిశాయి, అది కారుతో పుట్టినదే. మన్సీ గేర్‌బాక్స్ నెలల అక్షరాలు వరుసగా రావని గుర్తుంచుకోవాలి. మే నెలకి ‘ఈ’ అక్షరం, దాని తర్వాత జూన్‌కి హెచ్, జూలైకి కే, ఆగస్టుకి ఎం, ఆ తర్వాత పీ, ఆర్, ఎస్, టీ. హెచ్‌ని ఆగస్టు అనుకున్నారంటే వరుస మొత్తం తప్పుతుంది. బ్లాకు పోత అక్షరాలు మాత్రం ఏ జనవరి, బీ ఫిబ్రవరి అని మామూలుగానే సాగుతాయి. కారు కింద, స్టార్టర్ మోటారు పక్కన టార్చ్ వేసి చూస్తే పోతలో పొంగిన అంకెలు: డీ 9 0. 1970 ఏప్రిల్ 9.

అంటే ప్యాడ్ మీది రాత నమ్మితే, ఏప్రిల్లో పోత పోసిన బ్లాకుని ఫిబ్రవరిలో బిగించి మార్చి కారులో ఎక్కించారు. పోత నంబర్ 3963512 సరైనదే, కానీ అది ఎల్‌ఎస్5కీ ఎల్‌ఎస్6కీ ఒకటే. హెడ్ల మీద 3964291 ఉంది, అది అసలైన ఎల్‌ఎస్6 హెడ్. విడిభాగాలు నిజమైనవే, ఈ కారువి కావు.

రిపోర్టులో ఇలా రాశాను: బిల్డ్ షీట్ ఆధారంగా ఈ కారు ఎస్‌ఎస్454, ఎల్‌ఎస్5, మాన్యువల్ గేర్లతో కాన్సస్ సిటీలో తయారైంది, గేర్‌బాక్స్ అసలుది, ఇంజిన్ బ్లాకు మార్చినది, ప్యాడ్ మీద అంకెలు మళ్లీ కొట్టినవి, విండో స్టిక్కర్ ఈమధ్య అచ్చు వేసింది. షీట్‌ని 600 డీపీఐలో, మామూలు వెలుతురులో ఒకటీ పక్క వెలుతురులో ఒకటీ తీసిన బొమ్మలు, ట్యాంకు మీద ఉండగా తీసిన ఫోటో, పోత తేదీ ఫోటో జతచేశాను. ఆ బ్లాకు మొదట ఏ కారులో ఉండేదని అడిగారు. అది చెప్పగలిగే అంకెలు ప్యాడ్ మీదే ఉండేవి, గ్రైండర్ పెట్టిన రోజే పోయాయి.