మా గుడికి సెక్యూరిటీ గ్రాంటు వచ్చిన వైనం

అమెరికాలో గుళ్లు, చర్చిలు, మసీదులు, సినగాగులు (యూదుల ప్రార్థనా మందిరాలు) తమ భద్రత కోసం కెమెరాలు, గేట్లు, అలారాలు పెట్టుకోవడానికి కేంద్ర ప్రభుత్వమే డబ్బిస్తుందని మన గుడి కమిటీల్లో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు కూడా "అబ్బో, అదంతా పెద్ద తలనొప్పండీ" అని వదిలేస్తారు. తలనొప్పి మాట నిజమే. అయినా పడదగ్గ తలనొప్పే అని నా అభిప్రాయం. డాలస్ ఉత్తర శివార్లలో ఉన్న మా గుడి తరఫున 2023 సంవత్సరపు గ్రాంటుకి అప్లికేషన్ రాసింది నేనే కాబట్టి, అసలు ఏం జరుగుతుందో చెబుతాను.

దీని పేరు నాన్‌ప్రాఫిట్ సెక్యూరిటీ గ్రాంట్ ప్రోగ్రామ్. ఉగ్రవాద దాడుల ముప్పున్న, లాభాపేక్ష లేని సంస్థల కోసం పెట్టింది. హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖ కింద పనిచేసే విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా దీన్ని నడుపుతుంది. ఆ ఏడాది దేశం మొత్తానికి 30.5 కోట్ల డాలర్లు కేటాయించారు. ఒక్కో ప్రాంగణానికి గరిష్ఠంగా లక్షన్నర డాలర్లు అడగొచ్చు (2024లో దాన్ని రెండు లక్షలకి పెంచారు). మన వాటాగా పైసా కలపక్కర్లేదు. కానీ ఫెమాకి మనం నేరుగా రాయకూడదు, రాష్ట్రం ద్వారానే పంపాలి. టెక్సాస్‌లో అయితే గవర్నర్ ఆఫీసులోని పబ్లిక్ సేఫ్టీ ఆఫీసు ఆ పని చూస్తుంది. అందువల్ల ఫెమా పెట్టిన ఆఖరు తేదీతో మనకి పనిలేదు. రాష్ట్రం తేదీ దానికంటే బాగా ముందే ఉంటుంది.

మా కమిటీ మీటింగులో ఈ విషయం ఎత్తగానే మా చైర్మన్ గారు ముఖం చిట్లించారు. "ఉగ్రవాదం అంటావేంటయ్యా, మనమేమన్నా ఎంబసీయా? పైన స్వామి ఉన్నాడు, ఆయనే చూసుకుంటాడు" అన్నారు. ఇంకొకాయన, "కెమెరాలు, గార్డులు పెడితే భక్తులు భయపడరా?" అన్నారు. రెండూ తీసిపారేయాల్సిన మాటలు కావు. గుడి అంటేనే తలుపు తెరిచి ఉండే చోటు.

వాళ్ల మనసు మార్చింది కాలీవిల్. 2022 జనవరి 15న ఒక బ్రిటన్ దేశస్థుడు అక్కడి సినగాగులోకి తుపాకితో దూరి నలుగురిని బందీలుగా పట్టుకున్నాడు. కాలీవిల్ మాకేమీ దూరం కాదు, డీఎఫ్‌డబ్ల్యూ (డాలస్-ఫోర్ట్‌వర్త్) ఎయిర్‌పోర్టు పక్కనే. అది సంక్రాంతి వారాంతం. మేమంతా గుడిలో భోగిపళ్ల హడావిడిలో ఉండగా ఫోన్లు మోగడం మొదలైంది. రాత్రికి ఆ సినగాగు రబ్బై (మతగురువు) ఆ మనిషి మీదికి కుర్చీ విసిరి, మిగిలినవాళ్లతో కలిసి తలుపు తీసుకుని బయటపడ్డాడు. ముందే తీసుకున్న సెక్యూరిటీ ట్రైనింగే తమ ప్రాణాలు కాపాడిందని తరవాత చెప్పాడు. ఆ మాట నేను మీటింగులో చెప్పాక చైర్మన్ గారు కాసేపు ఏమీ అనలేదు. "సరే, రాయి. కానీ గుడి పేరు పేపర్లలోకి ఎక్కకూడదు" అన్నారు.

అప్లికేషన్‌కి గుండెకాయ ఇన్వెస్ట్‌మెంట్ జస్టిఫికేషన్ అనే ఫారం. నింపే గడులున్న పీడీఎఫ్, ప్రతి గడికీ అక్షరాల పరిమితి. మీకు ఎవరి నుంచి ముప్పు ఉంది, మీ భవనంలో లోపాలేంటి, దాడి జరిగితే నష్టం ఎంత, ఆ లోపాల్ని ఏ వస్తువుతో పూడుస్తారు, ఎవరు చేయిస్తారు, ఎప్పటికి పూర్తవుతుంది... వరసగా అడుగుతుంది. భాష కష్టమేమీ కాదు. నేను అన్నిటికంటే ఎక్కువ కాలం ఆగిపోయింది మొదటి ప్రశ్న దగ్గరే.

ముప్పు ఉందని ఊరికే రాస్తే కుదరదు, ఆధారం చూపాలి. మరి మన గుళ్ల సంగతి తెలుసు కదా. ఏదైనా జరిగితే "ఎందుకులే గొడవ, పోలీసులొస్తే పేరు పాడవుతుంది" అని మూసేయడమే మనకి అలవాటు. పాత వాలంటీర్లని కూర్చోబెట్టి అడిగితే ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఒకసారి రాత్రిపూట ఎవరో రాయి విసిరి అద్దం పగలగొట్టారట. మర్నాడు పొద్దున్నే ఒక భక్తుడు సొంత డబ్బుతో కొత్త అద్దం వేయించేశాడు, అంతే సంగతి. ఇంకోసారి హారతి సమయంలో ఒకతను లోపలికొచ్చి, విగ్రహాల వైపు వేలు చూపిస్తూ అరిచి వెళ్లిపోయాడట. గుడి ఫోనులో వాయిస్‌మెయిల్ బెదిరింపులు ఉన్నాయి, వాటిని ఎవరూ తుడిచేయకపోవడం మా అదృష్టం. పార్కింగులో పికప్ ట్రక్కు వేసుకుని నెమ్మదిగా తిరుగుతూ ఆడవాళ్లని వీడియో తీసినవాడి గురించి మా ఆఫీసు చూసుకునే అక్క చెప్పింది. తేదీ కూడా ఆమెకి గుర్తుంది, ఆ రోజు వరలక్ష్మీ వ్రతం.

వీటిలో ఒక్కదానికీ పోలీసు రిపోర్టు లేదు. కాగితం మీద లేదంటే గ్రాంటు చూసేవాళ్ల లెక్కలో అది జరగనట్టే. మా ఊరి పోలీసు శాఖలో కమ్యూనిటీ ఆఫీసర్‌ని కలిసి, పాతవైనా సరే అన్నీ వరసగా చెప్పాను. ఆయన విసుక్కోకుండా రాసుకుని, నంబర్లు ఇచ్చాడు. "మీవాళ్లు మాకు ఎప్పుడూ ఫోన్ చేయరు. అందుకే మా మ్యాపులో మీ గుడి ఉన్న వీధి చాలా ప్రశాంతంగా కనిపిస్తుంది" అన్నాడు. ఈ అనుభవంలో నాకు బాగా గుచ్చుకున్న మాట అదే.

స్థానికంగా జరిగినవి ముందు రాసి, తరవాత బయటివి చేర్చాను. 2012 ఆగస్టు 5న విస్కాన్సిన్‌లోని ఓక్ క్రీక్ గురుద్వారాలో ఆరుగురిని కాల్చి చంపడం, 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతలో మన హైదరాబాద్ ఇంజనీరు హత్య, 2022 ఆగస్టులో న్యూయార్క్‌లోని ఒక గుడి ముందు గాంధీ విగ్రహాన్ని ముక్కలు చేయడం. అదే ఆగస్టులో మా పక్కనే ఉన్న ప్లానోలో, రెస్టారెంటు పార్కింగులో నలుగురు భారతీయ మహిళల మీద దాడి జరిగింది. ఎక్కడో జరిగిన పెద్ద ఘటన కంటే మన ఊరి పక్కన జరిగిన చిన్నది బలంగా పనిచేస్తుంది. ఓక్ క్రీక్ గురించి ఎవరైనా రాయగలరు, మీ పార్కింగు గురించి మీరే రాయాలి.

రెండో భాగం లోపాలు. ప్రతి ప్రాంగణానికీ వల్నరబిలిటీ అసెస్‌మెంట్, అంటే భద్రతా లోపాల పరిశీలన, తప్పనిసరి. దీనికోసం కన్సల్టెంట్లకి డబ్బు పోయక్కర్లేదు. సీసా అనే కేంద్ర సైబర్, మౌలిక భద్రతా సంస్థకి ప్రతి ప్రాంతంలో సలహాదారులు ఉంటారు. ఉచితంగానే వచ్చి చూస్తారు. మాకొచ్చినాయన గుడంతా తిరిగి, గోపురం కంటే ఎక్కువసేపు మా వంటశాల వెనక తలుపునే చూశాడు. పులిహోర పోపు ఘాటుకి తట్టుకోలేక మా వంట వాలంటీర్లు ఆ తలుపుకి ఇటుక అడ్డం పెట్టి రోజంతా తెరిచే ఉంచుతారు. చెప్పుల స్టాండ్లు ఎమర్జెన్సీ ద్వారానికి సగం అడ్డంగా ఉన్నాయి. శ్రీరామనవమి కల్యాణం ఎన్ని గంటలకో, ఎంతమంది వస్తారో వెబ్‌సైట్‌లో మేమే వేస్తాం, పైగా లైవ్ కూడా పెడతాం. జనం నిలబడే మెట్ల దాకా కారు నేరుగా వచ్చేయొచ్చు, మధ్యలో అడ్డమేమీ లేదు. ఇరవై ఏళ్లుగా చూస్తున్న గుడిని చెడు ఉద్దేశంతో వచ్చినవాడి కళ్లతో చూసి, అదంతా ఇంగ్లిష్‌లో పాయింట్లుగా రాయడం నాకు ఏదోలా అనిపించింది. కానీ గ్రాంటు వచ్చినా రాకపోయినా ఇటుక మాత్రం ఆ రోజే తీసేయించాం.

వస్తువుల జాబితా దగ్గర మా మీటింగు తిరునాళ్లే. ఫెమా అనుమతించే పరికరాల జాబితా ఒకటి ఉంది, ప్రతిదానికీ ఒక కోడ్. కెమెరాలకి ఒకటి, దీపాలకి ఒకటి, తలుపులు-గేట్లకి ఒకటి, అడ్డుగోడలు-కంచెలకి ఒకటి. రేడియోలు, జనరేటరు, చేతి మైకు కూడా అందులో ఉన్నాయి. దీపాలున్నాయని తెలిసి ఒకాయన రాజగోపురానికి రంగుల లైట్లు అడిగారు. ఇంకొకరు పార్కింగులో తారు వేయించమన్నారు. తుపాకులు ఎలాగూ కుదరవు. ఏ వస్తువు అడిగినా పైన రాసిన ఏదో ఒక లోపానికి అది జవాబు కావాలి. కారు మెట్ల దాకా వస్తుంది, కాబట్టి బొలార్డులు (కార్లని ఆపే పొట్టి స్తంభాలు). వంటశాల తలుపు తెరిచి ఉంటుంది, కాబట్టి కార్డుతో తెరుచుకునే తాళం, తెరిచి వదిలేస్తే మోగే అలారం. ముందు అద్దాలు పగలకుండా ఫిల్మ్, చీకటి మూలల్లో దీపాలు, కెమెరాలు, వాలంటీర్లకి రేడియోలు. మా జాబితా ఇంతే.

కెమెరాలు కొనేటప్పుడు జాగ్రత్త. ఒక దాత చౌకగా ఇప్పిస్తానని ముందుకొచ్చారు, చూస్తే హిక్‌విజన్. హిక్‌విజన్, దాహువా లాంటి కొన్ని చైనా కంపెనీల సరుకుని ఫెడరల్ డబ్బుతో కొనడాన్ని చట్టమే నిషేధించింది. కెమెరాలు బిగించే వ్యాపారమున్న కమిటీ సభ్యుడు ఒకరు పని తనకే ఇమ్మన్నారు. అదీ కుదరదు, స్వప్రయోజనం అవుతుంది. ఆయన కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. బయటివాళ్ల దగ్గర కోటేషన్లు తీసుకుని, వాటిని ఫైల్లో పెట్టాం.

మిగతా కాగితాల గురించి ఎక్కువ చెప్పను. యూఈఐ అనే గుర్తింపు సంఖ్య శామ్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో తీసుకోవాలి, ఇది మాత్రం అన్నిటికంటే ముందు మొదలుపెట్టండి. మా గుడి పేరులోని 'శ్రీ'ని ఐఆర్ఎస్ (పన్నుల శాఖ) ఉత్తరంలో ఒక రకంగా, బ్యాంకులో ఇంకో రకంగా, కరెంటు బిల్లులో మరో రకంగా రాశారు. కంప్యూటర్‌కి అవి మూడు వేర్వేరు గుళ్లు. అవన్నీ ఒకే సంస్థవని ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. టెక్సాస్‌లో బోర్డు తీర్మానం కూడా కావాలి. నిధులు దుర్వినియోగమైతే మొత్తం తిరిగి ఇస్తామని అందులో రాయాలి. ఆ వాక్యం చదివి మా ట్రెజరర్ గారికి ఒకటే టెన్షన్. లాయరు చదివి ఫరవాలేదన్నాకే సంతకం పెట్టారు.

మతపరమైన కారణాల వల్ల ముప్పున్న సంస్థలకి మార్కుల్లో ప్రాధాన్యం ఉంది, అంతకుముందెప్పుడూ ఈ గ్రాంటు రాని సంస్థలకి కొన్ని అదనపు మార్కులు కూడా. మాకు రెండూ కలిసొచ్చాయనుకుంటాను. వచ్చిందన్న ఈమెయిల్ చూసి కమిటీ వాట్సాప్ గ్రూపు దీపావళి చేసుకుంది. అప్పుడు ట్రెజరర్ గారు అడగాల్సిన ప్రశ్న అడిగారు: "చెక్కు ఎప్పుడొస్తుంది?"

చెక్కు రాదు. ఇది రీయింబర్స్‌మెంట్. ముందు మనం కొని, బిగించి, బిల్లు కట్టి, ఆ రుజువులు పంపితే అప్పుడు ఇస్తారు. అంటే గుడి సొంత డబ్బు కొన్ని నెలలపాటు బయట ఉండాలి. మేము కల్యాణ మండపం కోసం దాచిన డిపాజిట్‌లోంచి బోర్డు అనుమతితో తీసుకుని, పనిని దశలుగా చేసి, ఒక దశ డబ్బు తిరిగొచ్చాకే రెండోది మొదలుపెట్టాం. చిన్న గుళ్లు ఈ సంగతి ముందే తేల్చుకోవాలి. చేతిలో డబ్బు లేకపోతే వచ్చిన గ్రాంటు కూడా వాడుకోలేరు.

ఇంకో ముడి, నేల తవ్వే పనులకి పర్యావరణ, చారిత్రక పరిరక్షణ సమీక్ష. ఎక్కడ తవ్వుతారు, ఎంత లోతు, భవనం ఎప్పటిది అని ఫొటోలతో సహా పంపాలి. వాళ్లు సరే అనకముందే గడ్డపార వేస్తే ఆ డబ్బు పోయినట్టే. ఈలోగా ఒక పెద్దాయన, ఈశాన్యంలో బరువు పెట్టకూడదు, వాస్తు దోషమన్నారు. బొలార్డుల వరసని తూర్పు మెట్ల ముందుకే పరిమితం చేసి, ఈశాన్యం మూల వదిలేశాం. మా పంతులుగారు మంచి ముహూర్తం పెట్టారు. ముహూర్తం వచ్చింది, క్లియరెన్స్ రాలేదు. "ఇదేమన్నా శంకుస్థాపనా నాయనా, వాళ్ల కాగితం వచ్చిన రోజే మంచి రోజు. ఒక కొబ్బరికాయ కొట్టి మొదలుపెడదాం" అని ఆయనే సర్దేశారు.

2025 మొదట్లో ఈ గ్రాంటు చెల్లింపులు సమీక్ష పేరుతో కొంతకాలం ఆగాయి. మా బిల్లుల డబ్బంతా అప్పటికే తిరిగొచ్చేసింది కాబట్టి బతికిపోయాం. ముందు ఖర్చు పెట్టి తరవాత తీసుకునే పద్ధతిలో ఈ రిస్కు ఎప్పుడూ ఉంటుంది. బోర్డుకి దాచకుండా చెప్పండి.

పని అయ్యాక కూడా కొన్ని బాధ్యతలు ఉంటాయి. లెక్క ముగించాక మూడేళ్లు కాగితాలు దాచాలి, ఖరీదైన పరికరాలు ఎక్కడున్నాయో రెండేళ్లకోసారి సరిచూడాలి. కమిటీలు మారిపోయే మన గుళ్లలో ఇది తేలిక కాదు. ఈ మధ్య మాకూ కమిటీ మారింది. పిల్లల తెలుగు క్లాసులు జరిగే రెండో భవనానికి కూడా అప్లై చేద్దామని కొత్త సెక్రటరీ గారు అడిగితే, ఘటనల ఫోల్డరు ఆమె చేతికిచ్చాను. అందులో చివరి కాగితం, పోయిన నెల ఎవరో గేటు దగ్గర బోర్డు మీద స్ప్రే పెయింట్ కొట్టి వెళ్లిన సంగతి. వాలంటీరు అదే గంటలో పోలీసులకి ఫోన్ చేశాడు, కేసు నంబరు పైన రాసి ఉంది.