గాలికుంటు శాంపిళ్లు: పర్లాకిమిడి నుంచి అరుగుల్ దాకా

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. భువనేశ్వర్‌లో ఎం.వి.ఎస్సీ. (పశువైద్యంలో పీజీ) చేస్తూ థీసిస్‌కి పశువులకొచ్చే గాలికుంటు వ్యాధి తీసుకున్నాను. ఊళ్లు మాత్రం మా సరిహద్దువే కావాలని గైడ్ దగ్గర పట్టుబట్టాను. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. పశువులకు ఈ గీతతో పనేముంది? నారాయణవలస సంతలో కొన్న ఎద్దు తెల్లారేసరికి గజపతి జిల్లాలో ఎవరి పాకలోనో ఉంటుంది. దాంతోపాటు ఇంకేమొచ్చిందో రక్తం చూస్తేగానీ తెలియదు.

ఈ వైరస్‌లో ఏడు రకాలున్నాయి. మన దగ్గర తిరిగేవి ఓ, ఏ, ఏషియా-1. సి రకం 1995 తర్వాత కనపడలేదు. ఆ మూడింటికీ కలిపి ఒకటే టీకా. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఆరు నెలలకోసారి ఉచితంగా వేస్తారు. టీకా పడ్డ పశువులోనూ, జబ్బు పడి లేచినదాంట్లోనూ యాంటీబాడీలుంటాయి కదా, మరి ఏవి టీకావో, ఏవి జబ్బువో ఎలా తేలాలి? వైరస్ ఒంట్లో పెరిగేటప్పుడే తయారయ్యే ప్రొటీన్లు కొన్నున్నాయి. శుద్ధి చేసిన టీకాలో అవి దాదాపు ఉండవు. ఎన్‌ఎస్‌పీ ఎలైజా అనే రక్తపరీక్ష పట్టుకునేది వాటి మీద పుట్టిన యాంటీబాడీలనే. అయినా ఏళ్ల తరబడి టీకాలు పడిన ముసలి ఆవుల్లో ఒక్కోసారి తప్పుడు పాజిటివ్ వస్తుంది. అందుకని ఆరు నెలలు దాటి ఏడాదిన్నర లోపున్న దూడల రక్తమే ఎక్కువ తీయమన్నారు మా సార్.

అనుమతుల గోల క్లుప్తంగా చెప్తాను. ఎథిక్స్ కమిటీ తొందరగానే ఒప్పుకుంది. ఒక ఆఫీసులో లెటర్ మీద సంతకానికి మాత్రం వానాకాలమంతా పోయింది.

ఊళ్లో పని పొద్దున్నే, పశువుల్ని మేతకు తోలకముందే. మెడ దగ్గర నరం వేలితో నొక్కిపట్టి రక్తం తీస్తాం. ట్యూబుని కదపకుండా వాలుగా నిలబెడితే కాసేపటికి గడ్డ కట్టి, పైన లేత పసుపు సీరం తేరుకుంటుంది. గతుకుల రోడ్డు మీద కుదుపులు తగిలినా, ట్యూబు నేరుగా ఐసుకి ఆనినా కణాలు పగిలి సీరం ఎర్రబడుతుంది. ఆ ట్యూబు పరీక్షకి పనికిరాదు. కాశీనగరం వైపు రోడ్లు చూసినవాళ్లకి నా టెన్షన్ అర్థమవుతుంది.

"ఏటి బాబూ, రగతం తీసేత్తే పాలు తగ్గిపోవా?" అని ఒక పెద్దమ్మ అడ్డుపడింది.

"టీ చెంచాడే పెద్దమ్మా, ఏం కాదు."

అలా మాటల్లోకి దిగాక అసలు సంగతి చెప్పింది. సంత నుంచి ఎద్దుని తెచ్చిన వారానికే దాని నోట్లోంచి చొంగ కారిందట, గిట్టల మధ్య పుళ్లు పడ్డాయట, పసుపూ వేపనూనే రాశారట. ఎద్దు చెవి చిరిగి ఉంది, ట్యాగు లేదు. ట్యాగు మీది పన్నెండంకెల నంబరు లేకపోతే ప్రభుత్వ యాప్‌లో టీకా వివరాలు దొరకవు. నా ఫారంలో ఎద్దు చరిత్ర రాసే గడి నిండింది పెద్దమ్మ మాటతోనే. ఆ ఒక్క గడి లేకపోతే ల్యాబు ఇచ్చే అంకెకి అర్థమే చెప్పలేం.

ఇంకో ఊళ్లో జబ్బు అప్పుడే నడుస్తోంది. ఒక పెయ్య నోరు చప్పరిస్తూ నిలబడింది. మూతి కింద తీగలా చొంగ. నాలుక పట్టుకుంటే పై పొర తడిసిన కాగితంలా చేతికొచ్చేసింది. ఆ ముక్కని సగం గ్లిజరిన్, సగం బఫర్ (పులుపు పెరగనివ్వని ద్రావణం) ఉన్న సీసాలో వేశాం. ఈ వైరస్‌కి పులుపు పడదు, పీహెచ్ 6 కంటే దిగితే చచ్చిపోతుంది. అందుకే ఆ బఫర్. బూట్లు నాలుగు శాతం వాషింగ్ సోడా నీళ్లతో కడుక్కుని నేరుగా ఇంటికే వచ్చాం. మనమే ఇంకో ఊరికి అంటిస్తే అంతకంటే సిగ్గుచేటు ఉండదు.

శాంపిళ్లన్నీ మూడు పొరల ప్యాకింగ్‌తో ఐసు పెట్టెలో సర్దుకుని గుణుపురం–పూరీ రైలు ఎక్కాను. ఖుర్దా రోడ్ స్టేషన్ ఉన్నది జట్నీలోనే. గాలికుంటు మీద పరిశోధన చేసే ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) సంస్థ అక్కడికి దగ్గర్లోనే, అరుగుల్‌లో ఉంది. పెట్టె తెరిచి, ఐసు ఇంకా కరగలేదని వాళ్లు రాసుకున్నాకే ఊపిరి పీల్చుకున్నాను.

పెయ్య నాలుక ముక్కలో ఓ రకం తేలింది. దేశంలో ఎక్కువగా దొరికేదీ అదే. పెద్దమ్మ ఎద్దు పాజిటివ్. కబురు చెప్పడానికి వెళితే మొదట అడిగిన మాట, "అయితే దీన్ని అమ్మీమంటావా?"

వద్దన్నాను. పాజిటివ్ అంటే వైరస్ ఇప్పుడుందని కాదు, ఎప్పుడో సోకిందని. కోలుకున్న కొన్ని పశువుల గొంతులో అది నెలలూ సంవత్సరాలూ దాక్కునే మాట నిజమే కానీ, అలాంటి ఆవూ ఎద్దుల నుంచి పక్కవాటికి అంటుకున్నట్టు గట్టి రుజువులు లేవు. టీకా ఆపొద్దనీ, ఈసారి సంత నుంచి ఏది తెచ్చినా మూడు వారాలు విడిగా కట్టమనీ చెప్పాను. విడిగా కట్టడానికి రెండో పాక ఏదని అడిగింది. చివరికి కళ్లం పక్కన చింతచెట్టు కింద కట్టేద్దామని ఇద్దరం అనుకున్నాం.